క్రిస్మస్ కానుక – ఇచ్చే తీరు, పుచ్చుకునే తీరు

(సంఘం యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని పిలిచినప్పుడు చదువుల గురించో, ఉద్యోగాల నోటిఫికేషన్ల గురించో చెబుతామని మీరు అనుకుని ఉంటారు. ఇది డిసెంబరు నెల. గూడెంలో స్టార్లు కట్టారు, సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యాయి, బస్టాండులో సంచులతో దిగే మన పిల్లలు కనిపిస్తున్నారు. అందుకని ఈసారి కానుకల గురించి మాట్లాడదామనుకున్నాం. వార్డెన్లం కదా, ఇవ్వడమే మా రోజువారీ పని. అన్నం పెడతాం, దుప్పట్లు పంచుతాం, సబ్బులూ తలనూనే లెక్కపెట్టి ఇస్తాం. ఒకే దుప్పటి ఒక రకంగా ఇస్తే పిల్ల మొహం వెలుగుతుంది, ఇంకో రకంగా ఇస్తే తల దించుకుంటుంది. ఈ తేడా ఎక్కడ వస్తుందో ఇన్నేళ్ళుగా చూస్తున్నాం. ఆ చూసిందే మీతో చెప్పాలని ఉంది.

ఈ సమావేశంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఉన్నారు, వనదేవతలకు మొక్కేవాళ్ళు ఉన్నారు, రెండింటికీ దూరంగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. మేము చెప్పబోయేది క్రైస్తవ విశ్వాసంలోంచి చెప్పే మాట. మతం మార్చుకోమని చెప్పడానికి రాలేదు. క్రిస్మస్ చేసుకునేవాళ్ళు దాన్ని ఎలా చేసుకుంటే గూడెం మొత్తానికి మేలో ఆలోచించడానికి వచ్చాం. చేసుకోనివాళ్ళు కూడా వినండి. ఇవ్వడం, పుచ్చుకోవడం అందరికీ ఉన్న పనే.

ముందు అసలు కథ దగ్గరికి వెళదాం. యేసు పుట్టింది పశువుల పాకలో అని మనందరికీ తెలుసు. ఏటా చర్చి ముందు గడ్డితో పాక కడతాం. ఆ తర్వాత జరిగిన ఒక చిన్న సంగతిని మాత్రం ఎక్కువమంది గమనించరు. బిడ్డను దేవాలయానికి తీసుకువెళ్ళినప్పుడు మరియ, యోసేపు అర్పించింది పక్షుల జత అని లూకా సువార్త రెండో అధ్యాయంలో ఉంది. మోషే ధర్మశాస్త్రం ప్రకారం బిడ్డ పుట్టాక తల్లి గొర్రెపిల్లను అర్పించాలి. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలనో, రెండు పావురపు పిల్లలనో తెచ్చినా చాలు. అది లేవీయకాండం పన్నెండో అధ్యాయంలో ఉంది. అంటే అది పేదవాళ్ళ అర్పణ. వాళ్ళు గొర్రెపిల్ల కోసం అప్పు చేయలేదు. ఉన్నదాంట్లో ఇచ్చారు, దేవుని ఎదుట అది చెల్లింది.

జ్ఞానుల సంగతి కూడా చూడండి. వాళ్ళు తూర్పు దేశం నుంచి బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు. మనం నాటకాల్లో ముగ్గురిని చూపిస్తాం గానీ, ఎంతమంది వచ్చారో మత్తయి సువార్తలో లేదు. కానుకలు మూడు రకాలు కాబట్టి మనుషులూ ముగ్గురే అనే మాట తర్వాత వాడుకలోకి వచ్చింది. ముఖ్యమైన సంగతి ఇంకొకటి. వాళ్ళు యూదులు కారు, వేరే దేశం వాళ్ళు. క్రిస్మస్ కథలో మొదటి కానుకలు తెచ్చింది పరాయివాళ్ళు. అదే కథలో గొర్రెల కాపరులు కూడా ఉన్నారు. వాళ్ళు ఏదైనా తెచ్చినట్టు లూకా రాయలేదు. పరుగున వచ్చారు, చూశారు, సంతోషించారు. ఏమీ తేలేనివాడికి కూడా ఆ పాకలో చోటు ఉంది.

ఇక ఎర్ర దుస్తుల క్రిస్మస్ తాత. ఆయన మూలం నికొలస్ అనే బిషప్. ఇప్పటి టర్కీ దేశంలో ఉన్న మైరా అనే ఊళ్ళో నాలుగో శతాబ్దంలో ఉండేవాడు. డిసెంబరు 6 ఆయన పండుగ. ముగ్గురు కూతుళ్ళకు పెళ్ళి చేయలేక అల్లాడుతున్న ఒక తండ్రి ఇంట్లోకి ఆయన రాత్రివేళ ఎవరికీ తెలియకుండా బంగారం మూటలు విసిరి వెళ్ళాడని ఐతిహ్యం. ఆ కథలో బంగారం కంటే మాకు చీకటి నచ్చుతుంది. తెల్లవారితే ఆ తండ్రి ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. ఆ ఆడపిల్లలు ఎవరి ఎదుటా తల వంచక్కర్లేదు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి కూడా తెలియనివ్వకండి అని యేసు కొండమీద చెప్పిన బోధకు అది సరిగ్గా సరిపోయే కథ.

మన దగ్గర ఏమవుతోంది? పెళ్ళిలో చదివింపులు చదివినట్టు మైకులో పేర్లు చదువుతున్నాం. ఫలానా తమ్ముడు వెయ్యి నూటపదహార్లు, ఫలానా అన్న ఫ్యాను, ఫలానా కుటుంబం కుర్చీలు. పెళ్ళి చదివింపులకు ఒక లెక్క ఉంది. ఈవేళ వాళ్ళు పెట్టారు, రేపు వాళ్ళింట్లో మనం పెడతాం. ఆ లెక్క గుర్తుండడానికే పుస్తకంలో రాసుకుంటాం. అది బదులు, అందులో తప్పేమీ లేదు. క్రిస్మస్ కానుకను కూడా ఆ పుస్తకంలోకి ఎక్కిస్తే మాత్రం అది కానుక కాకుండా పోతుంది. పైగా యాభై రూపాయలు వేసిన ముసలమ్మ పేరు ఆ మైకులో వినిపించదు. ఆమె ఆ యాభై ఎన్ని రోజులు కూడబెట్టిందో ఎవరూ అడగరు.

మాకు చాలా ఇష్టమైన ఇవ్వడం పద్ధతి బైబిల్లోనే ఇంకొకటి ఉంది. అది పరిగె. కోత కోశాక మడిలో రాలిన వెన్నులను ఏరుకోవడాన్ని మనం పరిగె ఏరడం అంటాం కదా. మన అమ్మమ్మలు ఏరినవాళ్ళే. చేను అంచులు పూర్తిగా కోయవద్దనీ, పరిగె ఏరుకోవద్దనీ, వాటిని పేదలకూ పరదేశులకూ వదిలెయ్యమనీ ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఉంది. రూతు అనే విధవరాలు, మోయాబు దేశపు పిల్ల, బెత్లెహేములో బోయజు చేలో పరిగె ఏరడానికి వస్తుంది. ఆయన ఏం చేశాడు? పిలిచి బస్తా ఇవ్వలేదు. ఆమె కోసం పనల్లోంచి కావాలనే కొన్ని వెన్నులు లాగి పడెయ్యమని, ఆమెను ఒక్క మాట కూడా అనవద్దని పనివాళ్ళకు చెప్పాడు. ఆమె తన కష్టంతో ఏరుకున్నాననే అనుకుంటుంది, మర్యాదగా తలెత్తుకుని ఇంటికి గింజలు తీసుకెళుతుంది. ఆ రూతు మునిమనవడే దావీదు. ఆ బెత్లెహేములోనే తర్వాత యేసు పుట్టాడు. క్రిస్మస్ ఊరికి అంతకు ముందే అలాంటి మంచి పేరు ఉంది.

ఇప్పుడు మా వసతి గృహాల సంగతి చెబుతాం. డిసెంబరు వస్తే దాతలు వస్తారు. రావాలి, వాళ్ళు రావడం మాకు సంతోషమే. చలికాలంలో ఏజెన్సీలో రగ్గు విలువ తెలిసినవాళ్ళం. కొందరు వచ్చే తీరు మాత్రం వేరుగా ఉంటుంది. పిల్లల్ని ఎండలో వరుసలో నిలబెట్టమంటారు. ఒక్కో పిల్ల చేతిలో ప్యాకెట్టు పెట్టి, ప్యాకెట్టు రెండో కొస తాము పట్టుకుని, ఫొటో తీసేదాకా వదలరు. నవ్వమంటారు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు, సిగ్గుపడే వయసు. ఆ ఫొటో సాయంత్రానికి ఫోన్లలో తిరుగుతుంది. కింద పేద గిరిజన బాలికలకు సాయం అని రాస్తారు. ఆ పిల్ల తండ్రి పోడు చేసి నలుగురిని పోషిస్తున్నాడు. ఆ పిల్ల లెక్కల్లో తరగతి ఫస్టు. అవేవీ ఆ ఫొటోలో ఉండవు. పేద అనే ఒక్క మాట మిగులుతుంది.

అందుకే మా ప్రాంతం వార్డెన్లం కొందరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. దాతలు ముందుగా ఫోన్ చేస్తే ఏం అవసరమో మేమే చెబుతాం. చలికోట్లు ఉన్నాయి, కొలతల్లో చెప్పులు లేవు అంటాం. బిస్కెట్లు వద్దు, శానిటరీ ప్యాడ్లు కావాలి అంటాం. పిల్లల ఫొటోలు తీయవద్దని మర్యాదగా చెబుతాం. వచ్చినవాళ్ళను పిల్లలతో కలిసి పంక్తిలో కూర్చుని భోంచెయ్యమంటాం. కలిసి అన్నం తిన్నవాళ్ళకు ఫొటో అవసరం పడడం లేదని గమనించాం. ఒకాయన తిన్నాక పళ్ళెం తనే కడుక్కున్నారు. మా పిల్లలు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఏం తెచ్చారో వాళ్ళలో చాలామందికి గుర్తు లేదు.

పంచడం గురించి ఇంకో మాట. ఆదిమ క్రైస్తవ సంఘంలో రోజూ భోజనాలు పంచేవాళ్ళు. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు సరిగ్గా అందడం లేదని గొణుగుడు వచ్చిందని అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో ఉంది. పెద్దలు ఆ గొణుగుడును తోసెయ్యలేదు. ఏడుగురిని ఆ పనికి ఏర్పాటు చేశారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అందడం లేదో వాళ్ళ భాషా, వాళ్ళ కష్టమూ తెలిసినవాళ్ళకే గరిటె ఇచ్చారని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. ఆ ఏడుగురిలో మొదటివాడు స్తెఫను. క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26, ఆయన పండుగ. మేము దీన్ని వంటగదిలో రోజూ గుర్తు చేసుకుంటాం. మొదటి పంక్తికి కూరలో ముక్కలు, చివరి పంక్తికి పులుసు అయితే అది పంచడం కాదు. మీ చర్చిలో క్రిస్మస్ విందు పెట్టినప్పుడు గరిటె ఎవరి చేతిలో ఉందో, చివర కూర్చున్నది ఎవరో చూడండి.

ఇవ్వడం మనకు ఎవరో బయటి నుంచి వచ్చి నేర్పిన విద్య కాదు. ఒకప్పుడు వేటకు వెళ్ళి వచ్చినప్పుడు వెళ్ళినవాళ్ళకే కాదు, వెళ్ళలేని ముసలివాళ్ళ ఇంటికీ, మగదిక్కు లేని ఇంటికీ వాటా వెళ్ళేది. కొత్త పంట వస్తే కొత్తల పండుగ చేసి అందరం కలిసి తిన్నాకే ఇంట్లో వండుకునేవాళ్ళం. ఒక ఇల్లు కాలిపోతే ఊరంతా వెదుళ్ళూ గడ్డీ తెచ్చి కట్టేది. దీనికి దానం అనే పేరు కూడా పెట్టలేదు మన పెద్దలు. క్రైస్తవులైన కుటుంబాలు ఆ మర్యాదను వదిలి, మార్కెట్లో కొన్న గిఫ్టు ప్యాకెట్టును కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. ఆ పాత వాటానే క్రిస్మస్ విందులోకి తీసుకురండి.

మన దగ్గరి చరిత్రలోంచి ఒక మనిషిని గుర్తు చేస్తాం. మహబూబాబాద్ జిల్లాలో డోర్నకల్ ఉంది కదా, రైలు జంక్షను. అక్కడికి 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య వచ్చారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, తమ డబ్బుతో, తమ మనుషులతో తెలుగు నేలలో పని మొదలుపెట్టారు. ఎక్కువమంది పల్లెల వాళ్ళే, ధనవంతులు కారు. విదేశాల నుంచి పుచ్చుకోవడమే అలవాటైన కాలంలో మేమూ ఇవ్వగలం అని నిలబడ్డారు. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు.

అంతకు రెండేళ్ళ ముందు, 1910లో స్కాట్లండు దేశంలోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అప్పటికి అజరయ్యకు 35 ఏళ్ళు. తెల్లదొరల మధ్య నిలబడి ఆయన చెప్పిన మాటల సారం ఇది. మీరు మా కోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, దానికి మా జాతి కృతజ్ఞతతో ఉంటుంది. అయినా మాకు కావలసింది ఇంకొకటి ఉంది, మాకు స్నేహితులు కావాలి అన్నారు. సభలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది. వందేళ్ళు దాటినా ఆ మాట వాడి తగ్గలేదు. దుప్పటి ఇచ్చి పేరు కూడా అడగకుండా వెళ్ళేవారికి ఆ మాట వర్తిస్తుంది. పట్నంలో ఉద్యోగం చేస్తూ ఊరికి వచ్చి, పాత స్నేహితుడికి అయిదు వందల నోటు ఇచ్చి, వాడి ఇంట్లో గ్లాసుడు నీళ్ళు కూడా తాగని మనకూ వర్తిస్తుంది.

సరిగ్గా ఆ 1910లోనే మిజోరం కొండల్లో ఇంకో సంగతి మొదలైంది. అక్కడి వాళ్ళూ మనలాంటి గిరిజనులే. వాళ్ళ భాషలో బుహ్‌ఫాయ్ థామ్ అంటారు, పిడికెడు బియ్యం అని అర్థం. ఇంట్లో అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వాటిని పోగుచేసి, అమ్మి, ఆ డబ్బును చర్చి పనులకు వాడతారు. మొదలుపెట్టింది ఆడవాళ్ళు. నేటికీ నడుస్తోంది. మన తెలుగు సంఘాల్లో కూడా పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు ఉండేది, పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.

లెక్కల టీచరుగా శిక్షణ పొందినవాళ్ళం కాబట్టి లెక్క వేసి చూపిస్తాం. పిడికెడు అంటే 50 గ్రాములు అనుకుందాం. రెండు పూటలకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. 40 ఇళ్ళ గూడెం అయితే నెలకు 120 కిలోలు. ఏ ఇంటి కుండా ఖాళీ కాలేదు. పాలిచ్చే తల్లి ఉన్న ఇంటికి, పెద్దదిక్కు మంచాన పడిన ఇంటికి, దినాలు జరగాల్సిన ఇంటికి ఆ బియ్యం ఆసరా అవుతాయి. వీటికి దాత పేరు ఉండదు. గూడెం మొత్తం దాతే, అవసరం వచ్చిన రోజు గూడెంలో ఎవరైనా పుచ్చుకునేవాళ్ళే. పండుగ రోజు ఇచ్చే పెద్ద ప్యాకెట్టు కంటే ఇది మేలు అని మా నమ్మకం.

ఇప్పుడు కష్టమైన మాట. తమ్ముళ్ళూ, అప్పు చేసి కానుకలు ఇవ్వకండి. అప్పు చేసి పప్పు కూడు అన్నారు పెద్దలు. పట్నంలో ఉన్నవాడు ఊరికి వస్తే ఏం తెచ్చావురా అని అడుగుతారు. ఆ మాట పడలేక ఫోన్లో యాప్ అప్పు, లేకపోతే ఊళ్ళో షావుకారు. నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి 6,000 తెచ్చారనుకోండి. నెలకు 300. డిసెంబరు చివర తెస్తే మే చివరికి, తునికాకు డబ్బులు చేతికొచ్చే వేళకి, అయిదు నెలలకు 1,500 వడ్డీ. అసలు అలాగే ఉంటుంది. అమ్మ ఎండలో ఆకు కోసి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి సంపాదించింది ఆ వడ్డీకి పోతుంది. మీరు డిసెంబరులో ఆమెకు కట్టబెట్టిన చీరకు మే నెలలో ఆమే డబ్బు కడుతుంది. అది కానుక ఎలా అవుతుంది?

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అనే సామెత ఉంది. మరి రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు మెచ్చుకోలేదా అని మీరు అడగవచ్చు. మెచ్చుకున్నాడు. అందరికంటే ఎక్కువ వేసింది ఆమే అన్నాడు. ఆ కథకు సరిగ్గా ముందు మాటలు కూడా చదవండి. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో, దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ళ ఇళ్ళను మింగేసే శాస్త్రులను ఆయన గట్టిగా తప్పుపడతాడు. వెంటనే ఈ విధవరాలు వస్తుంది. కనుక ఆమె మనసును చూసి ఇవ్వడం నేర్చుకోవలసింది ఉన్నవాళ్ళు. లేనివాళ్ళ దగ్గర చివరి కాసు రాబట్టడానికి ఆ కథను వాడుకోకూడదు. పౌలు కూడా యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేస్తూ కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఇదే చెబుతాడు. ఉన్నదాన్ని బట్టి ఇస్తే చాలు, లేనిదాన్ని బట్టి కాదు. ఒకరికి తేలిక చేసి ఇంకొకరికి బరువు పెట్టడం తన ఉద్దేశం కాదు, సమానంగా ఉండాలని తన కోరిక అంటాడు. పాస్టరు గార్లు ఇక్కడే ఉన్నారు. ఈ మాట చర్చిలో డిసెంబరు మొదటి ఆదివారమే చెబితే చాలా ఇళ్ళు అప్పు నుంచి బయటపడతాయి.

మరో కష్టమైన మాట ఎర గురించి. గాలానికి ఎర గుచ్చేది చేపకు ఆకలిగా ఉందని కాదు. కానుక ఇచ్చి చర్చికి రమ్మంటే, రాకపోతే వచ్చే ఏడాది జాబితాలోంచి పేరు తీసేస్తే అది ఎర. దానివల్ల పుచ్చుకున్నవాడికి అవమానం, ఇచ్చినవాడి దేవుడికీ అవమానం. కానుకల కోసం మారారు అని మన క్రైస్తవ కుటుంబాలను ఎవరైనా ఎద్దేవా చేస్తే మనకు బాధేస్తుంది కదా. ఆ మాటకు ఆధారం లేకుండా చేసే బాధ్యత మన మీదే ఉంది. దేవుడు మంచివాళ్ళ మీదా చెడ్డవాళ్ళ మీదా వాన ఒకేలా కురిపిస్తాడని యేసు చెప్పాడు. వాన ఏ చేనూ ఎవరిదని అడగదు. మాది ప్రభుత్వ వసతి గృహం, ఎవరు ఏం ఇచ్చినా పిల్లలందరికీ సమానంగా ఇస్తేనే గేటు లోపలికి రానిస్తాం. గూడెంలో కూడా ఆ నియమం పెట్టుకోవచ్చు.

గూడెంలో పడుతున్న చీలిక మీకు తెలియనిది కాదు. చర్చికి వెళ్ళే ఇల్లు పండుగ చందా ఇవ్వదు. అవతలి ఇల్లు క్రిస్మస్ భోజనానికి రాదు. మెల్లగా పెళ్ళికి రాకపోవడం, చివరికి చావుకు కూడా మొయ్యడానికి రాకపోవడం. మొక్కుల్లో పాలుపంచుకోవడానికి మనస్సాక్షి ఒప్పుకోదు అనేవాళ్ళను మేము తప్పుపట్టం. ఒప్పుకునే పనులు ఎన్నో ఉన్నాయి. బోరు బాగుచేయడానికి మొదటి చందా మీది కావచ్చు. వాగు మీద దాటుడు చెక్కలు వెయ్యడానికి మీరు ముందు నడవచ్చు. పండుగ రోజు మీ ఎడ్లబండి, మీ ట్రాక్టరు, మీ వంటపాత్రలు ఇవ్వచ్చు. క్రిస్మస్ రోజు అవతలి ఇళ్ళకు వెళ్ళి మీరే స్వయంగా భోజనానికి పిలవండి. రాకపోతే కోపం తెచ్చుకోకండి, మరుసటి ఏడాది మళ్ళీ పిలవండి.

మరి ఏం ఇవ్వాలి అంటారా? డబ్బు తక్కువ ఉన్న యువతకు మేము నాలుగు కానుకలు చెబుతాం.

మొదటిది మీ చదువు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. మీలో డిగ్రీలు, బీఎడ్‌లు చేసినవాళ్ళు ఉన్నారు. సెలవులకు ఇంటికి వచ్చిన పది రోజుల్లో రోజుకు రెండు గంటలు మీ గూడెం పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పండి. మన భాషలో చెబితే ఎక్కడ అర్థం కాలేదో పిల్లలు భయం లేకుండా అడుగుతారు. ఆ పని మీరు తప్ప బయటివాళ్ళు చేయలేరు.

రెండోది మీ చేతిలోని ఫోను. కుల ధృవీకరణ పత్రం, ఆధార్‌లో తప్పుగా పడిన పేరు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, వృద్ధాప్య పింఛను. వీటి కోసం మన అవ్వలు, తాతలు మండల కేంద్రానికి నాలుగు సార్లు తిరుగుతారు. ఒక పూట కూర్చుని గూడెంలో ఎవరికి ఏ కాగితం లేదో రాసుకోండి, వెంటబడి తెప్పించండి. అవ్వ చేతిలో మొదటి నెల పింఛను పడ్డ రోజు ఆమెకు అదే క్రిస్మస్.

మూడోది మీ రక్తం. మన గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలు ఉన్నారు. ఆ జబ్బును 2047 నాటికి లేకుండా చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక మిషన్ మొదలుపెట్టింది. ముందుగా మీరు పరీక్ష చేయించుకోండి, పెళ్ళికి ముందే చేయించుకోండి. ఆరోగ్యంగా ఉండి, 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నవాళ్ళు రక్తం ఇవ్వచ్చు. మగవాళ్ళు మూడు నెలలకొకసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకొకసారి. ఆ సీసా మీద మీ పేరు ఎవరూ చదవరు. అది ఏ మతం పిల్లకు ఎక్కుతుందో మీకూ తెలియదు. నికొలస్ బిషప్ చీకట్లో ఇచ్చినట్టే.

నాలుగోది మీ సమయం. పండుగ రోజున ఒంటరిగా ఉన్న ఇల్లు ప్రతి గూడెంలో ఒకటి ఉంటుంది. కొడుకు పోయిన తల్లి, మాట పోగొట్టుకున్న తాత, పండక్కి తీసుకువెళ్ళేవాళ్ళు రాక హాస్టల్లోనే ఉండిపోయిన పిల్ల. ఒక గంట వాళ్ళ దగ్గర కూర్చోండి. విందు చేసినప్పుడు తిరిగి పిలవలేనివాళ్ళను పిలవమని యేసు చెప్పాడు. అలాంటివాళ్ళు ఎవరో మన గూడెంలో మనకు పేర్లతో సహా తెలుసు.

చివరగా పుచ్చుకోవడం గురించి. ఇవ్వడం వచ్చిన మనకు పుచ్చుకోవడం రావాలి. ఉద్యోగం వచ్చాక కొందరు ఊళ్ళో ఎవరి దగ్గరా ఏదీ తీసుకోరు. పక్కింటి పెద్దమ్మ గుప్పెడు కందులు కొంగున ముడేసి తెస్తే, ఎందుకమ్మా ఇవన్నీ, మాకు అక్కడ దొరుకుతాయి అంటారు. అలా అనకండి. రెండు చేతులతో పుచ్చుకోండి. ఆమె ఎదుటే మూట విప్పి చూడండి, బాగున్నాయని చెప్పండి. ఎప్పుడూ పుచ్చుకునే స్థానంలోనే ఉంచిన మనిషిని మనం చిన్నబుచ్చినట్టే. ఆమెకూ ఇచ్చే గౌరవం దక్కాలి. క్రైస్తవుల నమ్మకం ప్రకారం దేవుడే పశువుల పాకలో పసిబిడ్డగా, ఇతరులు కప్పిన గుడ్డలో, ఇతరులు పట్టిన పాలతో బతికాడు. ఆయనే పుచ్చుకున్నాడు, మనకేం తక్కువ?

ఈ సమావేశం అయిపోగానే మీ మీ గూడేల వాళ్ళు ఒకచోట కూర్చోండి. పిడికెడు బియ్యం డబ్బా ఎవరింట్లో పెట్టాలి, పదో తరగతి పిల్లలు ఎంతమంది, పింఛను అందని అవ్వలు ఎవరు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. డబ్బా తాళం చెవి మాత్రం ఇద్దరి దగ్గర ఉంచండి. ఒకరు చర్చికి వెళ్ళేవాళ్ళు, ఇంకొకరు వెళ్ళనివాళ్ళు.

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. జోహార్.